స్క్రీన్ అవతలి మనిషిని చూడు

చిరంజీవి చిన్నికి,

మాదాపూర్‌లో ప్రొడక్ట్ డిజైనర్‌గా చేరావని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. ఇంకా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటావని అడిగావు. ఫిగ్మా చేతికి వచ్చింది కదా, చాలు. అది అందరికీ అందుబాటులోకి వచ్చింది 2016లో. అంతకుముందు మేం ఫోటోషాప్‌లో, స్కెచ్‌లో గీసేవాళ్ళం. రేపు ఇంకొకటి వస్తే తొందరగానే పట్టేస్తావు. మనిషిని గమనించడం మాత్రం అంత తొందరగా రాదు. నీ శ్రమంతా దాని మీద పెట్టు.

ఏదైనా కిరాణా కొట్టు దగ్గర అరగంట నిలబడి చూడు. స్కాన్ చేయగానే ఎంత డబ్బు వచ్చిందో చిన్న పెట్టె తెలుగులో పలుకుతుంది. కొట్టతను పప్పు తూస్తూ ఉంటాడు, ఫోన్ తీసి మెసేజ్ చూసుకునే తీరిక ఉండదు. డబ్బు పంపేశామని దొంగ స్క్రీన్ చూపించేవాళ్ళ బెడద ఒకటి. ఆ రెండు చిక్కులకూ జవాబు స్క్రీన్‌తో పని లేకుండానే దొరికింది. ఈ మధ్య నేను చూసినవాటిలో గొప్ప డిజైన్ అదే.

మీ యాప్‌కి తెలుగు రూపం ఉందన్నావు. ఆ పని నువ్వే అడిగి తీసుకో. చాలాచోట్ల స్క్రీన్లన్నీ ఇంగ్లీషులో గీసేసి, చివర్లో తెలుగు అతికిస్తారు. 'పే' అన్న పొట్టి మాటకు కొలిచిన బటన్‌లో 'చెల్లించండి' ఇరుక్కుంటుంది. ఇంగ్లీషు లెక్కన పెట్టిన వరసల ఎడంలో 'రాష్ట్రం' కింది ఒత్తులు తెగిపోతాయి. లక్ష్మి అనే ఆవిడకు తన పేరే సగం కనిపిస్తుంది. మన లిపికి పైన గుడికీ, కింద ఒత్తుకీ చోటు కావాలి. అందుకే తెలుగు పెట్టుకునే గీయడం మొదలుపెట్టు. అది ఇమిడిన చోట ఇంగ్లీషు ఎలాగూ ఇముడుతుంది. మాటలు కూడా నువ్వే చూసుకో. 'లావాదేవీ విఫలమైంది' అని చదివితే డబ్బు పోయిందో ఉందో తెలియక గుండె దడదడలాడుతుంది. డబ్బు ఖాతాలోనే ఉంటే ఆ మాటే చెప్పాలి. ఇంకా తేలకపోతే, ఎప్పటికి తేలుతుందో చెప్పాలి.

అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలన్న ప్రమాణం నీకు తెలిసిందే. దాన్ని ఎండలో, చవక ఫోన్ మీద కూడా సరిచూసుకో.

ఏదో ఒకరోజు రద్దు చేసే బటన్‌ను దాచేయమంటారు, అడగని బీమాను బుట్టలో కలపమంటారు. చేయనని చెప్పు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల మాయలను గుర్తించి, వాటిని అరికట్టే మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం లేకపోయినా వద్దనాల్సిందే. కానీ మీటింగులో ఒంటరిగా నిలబడ్డప్పుడు ఆ కాగితం అండగా ఉంటుంది. వద్దన్నాక ఊరుకోకు, నిజాయితీగా ఉన్న ఇంకో దారి గీసి చూపించు.

ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో అప్పటికప్పుడు రాసిపెట్టుకో. ఉద్యోగానికి వచ్చినవాళ్ళను నేనైతే ఏం తీసేశావు, ఎందుకు తీసేశావు అనే అడుగుతాను. అందమైన స్క్రీన్లు అందరి దగ్గరా ఉంటాయి.

ఈ ఆదివారం మీ యాప్‌ను తెలుగులోకి మార్చి అమ్మమ్మ చేతికివ్వు. నువ్వు నోరు విప్పకుండా పక్కన కూర్చో. ఆవిడ ఎక్కడెక్కడ ఆగిపోయిందో రాసి నాకు పంపించు.

ఇట్లు,
మీ పిన్ని