మూడు కెమెరాలు - ఒకే ముఖము
(వీడియో చిత్రాల వర్ణసామ్యముపై ఒక పరిశీలన)

కంటికి కనిపించినదంతా సత్యమని నమ్మడం మానవునికి అలవాటు. కెమెరాకు కనిపించినది మరింత సత్యమని నేటి విద్యార్థి విశ్వాసం. ఒకే వ్యక్తిని, ఒకే వేదికపై, ఒకే క్షణంలో మూడు కెమెరాలతో చిత్రించి, ఆ మూడింటినీ పక్కపక్కన ఉంచి చూచినప్పుడు గాని ఈ విశ్వాసం ఎంత బలహీనమైనదో తెలియదు.

మా కళాశాలలో ఉర్దూ బోధించి పదవీ విరమణ చేసిన ఒక పెద్దల వీడ్కోలు సభను మన విద్యార్థులు రెండు కెమెరాలతోను, ఒక సెల్‌ఫోనుతోను చిత్రించారు. ఆయన ధరించిన తెల్లని షేర్వానీ ఒక కెమెరాలో పసుపు పచ్చగా, రెండవ దానిలో నీలిగా వచ్చింది. ఫోనులో షేర్వానీ తెల్లగానే ఉన్నది గాని, ఆయన చామనఛాయ ముఖం సున్నం పూసినట్లు పాలిపోయింది. కూర్చిన చిత్రాన్ని చూచి ఆ పెద్దలు చిరునవ్వుతో, “మియా, ఈ ముగ్గురిలో మేమెవరం?” అని అడిగారు. మేము సమాధానం చెప్పలేకపోయాము. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భేదమునకు కారణము

సిరిసిల్ల మగ్గాల సంగతి తెలిసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఒకే రంగు పేరుతో వచ్చినా, వేర్వేరు విడతలలో అద్దిన నూలును ఒకే చీరకు వాడితే నేతలో చార తేలుతుంది. కెమెరాల విషయమూ అంతే. ప్రతి కెమెరాలోను కాంతిని గ్రహించే ఫలకంపై ఎరుపు, ఆకుపచ్చ, నీలం అను మూడు రంగుల సూక్ష్మమైన జల్లెడ ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ పద్ధతికి 1976లో పేటెంటు లభించింది. అయితే ఆ మూడు రంగుల పాళ్లు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా నిర్ణయించుకుంటుంది. ఆ పైన కెమెరాలోని గణనయంత్రం తన అభిరుచి ననుసరించి చిత్రాన్ని దిద్దుతుంది. సెల్‌ఫోను ఈ దిద్దుబాటులో అందరికన్నా ముందుంటుంది. మనం అడగకుండానే ముఖాన్ని నునుపు చేస్తుంది, తెలుపు చేస్తుంది.

రెండవ కారణం వెలుతురు. కాంతి వర్ణాన్ని కెల్విన్ అను మానంతో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, సినిమా వారి టంగ్‌స్టన్ దీపం 3200, మధ్యాహ్నపు ఎండ సుమారు 5600, నీడపట్టు 7000 కెల్విన్లు. మన కన్ను ఈ భేదాలను తనంతట తానే సవరించుకుంటుంది. కెమెరాకు ఏది తెలుపో మనమే చెప్పవలెను. దీనినే వైట్ బ్యాలెన్స్ అంటారు. ఆటోమేటిక్‌గా వదిలిపెట్టిన మూడు కెమెరాలు మూడు విధాలుగా ఊహిస్తాయి. మా సభలో జరిగినది ఇదే.

పూర్వుల పద్ధతి

ఈ సమస్య కొత్తది కాదు. ఫిల్ము కాలంలో ఒక సన్నివేశానికి ఒకే బ్యాచి ఫిల్మును కొని, ఒకే ల్యాబులో కడిగించేవారు. టెలివిజన్ స్టూడియోలలో మూడు నాలుగు కెమెరాలను తీగల ద్వారా ఒక నియంత్రణ గదికి కలిపి, ఒకే ఇంజనీరు అన్నింటి వెలుతురును, నలుపును, వర్ణాలను సరిచూచేవాడు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనది. 1982లో దేశంలో వర్ణ ప్రసారాలు మొదలైన తరువాత ఈ పని మరింత కీలకమైనది. నేడు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాలలో పెండ్లిండ్లు చిత్రించే యువకులకు ఆ గది లేదు, ఆ ఇంజనీరూ లేడు. ఆ బాధ్యత వారే వహించవలెను.

ఆచరణలో క్రమము

ముందుగా కాలమానం. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. దాని వలన దీపాలు సెకనుకు 100 మార్లు మినుకుతాయి. కావున అన్ని కెమెరాలను సెకనుకు 25 ఫ్రేములకు, షట్టరును సెకనులో 50వ వంతుకు ఉంచవలెను. ఫోనులు సాధారణంగా 30 ఫ్రేములలో ఉంటాయి. దానిని మార్చక కలిపితే తెరపై చారలు కదలాడుతాయి, నడక తడబడుతుంది.

రెండవది వర్ణశైలి. వేర్వేరు సంస్థల ‘లాగ్’ పద్ధతులు ఒకదానితో నొకటి పొసగవు. వాటి మార్పిడిలో అనుభవం లేనివారు అన్ని కెమెరాలను సాధారణ టెలివిజన్ ప్రమాణమైన ‘రెక్ 709’లో ఉంచడం మేలు.

మూడవది తెలుపు. అన్ని కెమెరాలలోను 5600 అను అంకె పెట్టినంత మాత్రాన అవి కలియవు. ఒక సంస్థ 5600 మరొక సంస్థ 5600 కాదు. వక్త నిలబడే చోట, అదే వెలుతురులో, ఒకే బూడిదరంగు కార్డును ప్రతి కెమెరాకు చూపి సరిచేయవలెను. ఎదురుగా తెల్లని ధోవతి ఉన్నది కదా అనుకోరాదు. మన ఇండ్లలో తెల్లబట్టలకు నీలిమందు పెడతారు. అది కంటికి తెలుపే గాని కెమెరాకు నీలం.

నాల్గవది వెలుతురు పరిమాణం. 18 శాతం కాంతిని ప్రతిఫలించే ఆ కార్డు, వేవ్‌ఫారం అను కొలమానంపై అన్ని కెమెరాలలోను ఒకే ఎత్తున నిలువవలెను. రెక్ 709లో అది సుమారు 41 శాతం. తరువాత రంగుల గడులు గల చార్టును ప్రతి కెమెరాతోను కొన్ని క్షణాలు చిత్రించవలెను. వెలుతురు మారినప్పుడల్లా ఈ పని తిరిగి చేయవలెను.

కూర్పు సమయంలో కెమెరాలలో బలహీనమైన దానిని ప్రమాణంగా తీసుకొనవలెనని మా అనుభవం. మంచి చిత్రాన్ని తగ్గించి సరిపెట్టవచ్చును. లేని వివరాలను బలహీన చిత్రంలోకి తేలేము. మొదట నలుపు తెలుపులు, పిదప వెలుతురు, ఆ పిదప రంగు, చివరకు చర్మచ్ఛాయ - ఈ వరుస తప్పరాదు.

కేస్లాపూర్ ఉదాహరణ

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యనాడు జరిగే నాగోబా జాతరను ఈ పాఠానికి పరీక్షగా భావింపవచ్చును. గోదావరి జలాన్ని కాలినడకన తెచ్చే మెస్రం వంశీయులు తెల్లని దుస్తులు ధరిస్తారు. కొత్త కోడళ్లు తెల్లచీరలతో దేవుని ముందు భేటింగ్ జరుపుకొంటారు. పగలు చలికాలపు ఎండ, సాయంత్రం మర్రినీడ, రాత్రి విద్యుద్దీపాలు. వందలాది తెల్లని వస్త్రాల నడుమ కెమెరా తికమకపడి వెలుతురు తగ్గించుకుంటే, ఆ వస్త్రాలు బూడిదరంగుకు దిగుతాయి. ముఖాలు చీకటిలో కలిసిపోతాయి. దానికి భయపడి వెలుతురు పెంచితే చీరల నేత మాయమవుతుంది. అక్కడ చిత్రకారుడు ముఖాన్ని చూచి వెలుతురు నిర్ణయించవలెను. ఒక వంశం తన ఆచారాన్ని మనుమలకు చూపే చిత్రంలో వారి ముఖాలే లేకపోతే ఆ చిత్రం ఎవరి కొరకు?

ఛాయలు వేరు, గీత ఒకటి

ఇక్కడ ఒక చారిత్రక సత్యం గమనింపదగినది. పాశ్చాత్య ఫొటో ల్యాబులలో అనేక దశాబ్దాలు తెల్లజాతి యువతి చిత్రం గల ‘షర్లీ కార్డు’ను ప్రమాణంగా పెట్టుకొని రంగులు సరిచేసేవారు. ఫలితంగా నల్లని, గోధుమ వన్నె ముఖాలకు అన్యాయం జరిగింది. కొలమానం ఒకరి ముఖమైతే మిగిలినవారి ముఖాలు తప్పులుగా కనిపిస్తాయి.

దీనికి సమాధానం కూడ ఆ శాస్త్రంలోనే ఉన్నది. వర్ణాన్ని కొలిచే వెక్టర్‌స్కోప్‌లో చర్మచ్ఛాయను సూచించే గీత ఒకటి ఉంటుంది. తెల్లని ముఖమైనా, నల్లని ముఖమైనా, చామనఛాయ అయినా ఆ గీతకు సమీపంలోనే నిలుస్తుంది. ప్రధానమైన భేదం వెలుతురులో, గాఢతలో; వర్ణమూలంలో కాదు. చర్మం క్రింద ప్రవహించే రక్తం అందరిదీ ఒకటే కదా! అందుచేత మూడు కెమెరాలను కలుపుట యనగా ముఖాన్ని తెల్లగా చేయుట కాదు. ఆ గీతపైకి తెచ్చి, ఆ వ్యక్తి సహజమైన గాఢతలో నిలుపుట.

ఈ పద్ధతి సంపూర్ణమని మేము చెప్పము. ఎండలో కలిసిన రెండు రంగులు చౌకబారు ఎల్.ఇ.డి. దీపం క్రింద విడిపోతాయి. చార్టు కొంతవరకే దారి చూపుతుంది. తక్కినది కన్నుతో, ఓర్పుతో నేర్వవలసినదే.

ఆ వీడ్కోలు చిత్రాన్ని మేము విద్యార్థులతో కూర్చుండి తిరిగి దిద్దినాము. రెండు కెమెరాలు దాదాపు కలిసినవి. ఫోను చెరిపివేసిన ముఖపు ముడుతలను మాత్రం తిరిగి తేలేకపోయాము. విద్యార్థులు ఆ భాగాలను తొలగించి, మిగిలిన దానిని ఆ పెద్దలకు చూపారు. ఆయన చాలసేపు చూచి, “ఆ, వీరిని మేమెరుగుదుము” అన్నారు. వచ్చే వార్షికోత్సవానికి కెమెరా పట్టబోయే విద్యార్థులు మొదట ఒక బూడిదరంగు కార్డును సంపాదించుకొందురు గాక.