రొద వేరు, సవ్వడి వేరు

ఒక్క రెండు నిమిషాలు వంటింటి కిటికీ దగ్గర ఊరికే నిలబడండి. పక్కింటి కుక్కర్ విజిల్, కింద ఎవరో బండి స్టార్ట్ చేసే చప్పుడు, పై వాటాలో పిల్లాడి ఎక్కాలు... నిన్న నేను లెక్కపెడితే పన్నెండు తేలాయి. ఉంటే బాగుండు అనిపించినవి మూడే!

పనీపాటా లేదా నీకు అనకండి. ఇదే పనిని ఒక చదువుగా మలిచాడు కెనడా సంగీతకారుడు మర్రే షేఫర్. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు అనేవాడాయన. మోత తగ్గించండని పోట్లాడితే చాలదు, ఏ శబ్దాలు నిలుపుకోవాలో కూడా తేల్చుకోవాలి అన్నది ఆయన పట్టు. ఓ చోట మన చెవిన పడేదంతా కలిపి ‘సౌండ్‌స్కేప్’.

ఆయన బృందం 1975లో ఐరోపాలో ఐదు పల్లెలు తిరిగి శబ్దాలు రికార్డు చేసింది. అందులో ఫ్రాన్స్‌లోని లెస్కోనిల్ అనే జాలర్ల ఊరు నాకు మరీ ఇష్టం. పొద్దెక్కేకొద్దీ అక్కడ గాలి దిక్కు మారుతుంది, దాంతోపాటే ఏ వైపు శబ్దాలు ఊళ్లోకి వస్తాయో కూడా మారుతుంది. పాతికేళ్ల తర్వాత, 2000లో, ఫిన్లాండ్ పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లారు, ఏం మిగిలింది, ఏం పోయింది అని వినడానికి. పుట్టింటికి చాన్నాళ్లకు వెళ్లిన మనమూ చేసేది అదే కదూ!

షేఫర్ బృందంలో హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ అనే ఆవిడా ఉండేది. నోరు మూసుకుని, చెవులు తెరుచుకుని నడవడం నేర్పింది. మన దేశానికీ వచ్చి, ఇక్కడి వీధుల శబ్దాలతో సంగీత రచనలు చేసింది.

మన చట్టానికి మాత్రం లెక్కే తెలుసు. 2000 నాటి నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. అది ఉండాల్సిందే, రాత్రి పదకొండింటికి డీజే మోగిన వీధిలో కాపురమున్నదాన్ని చెబుతున్నా. కానీ మన భాషనే చూడండి: చప్పుడు, సవ్వడి, అలికిడి, రొద, హోరు, గోల. మీటరుకి ఈ తేడా ఎలా తెలుస్తుంది? అందుకే 2014లో వచ్చిన ఐఎస్ఓ ప్రమాణం, వినే మనిషికి ఎలా అనిపిస్తోందన్నదాన్నే సౌండ్‌స్కేప్ నిర్వచనంలో పెట్టింది.

ఇంగ్లండులోని షెఫీల్డ్ స్టేషన్ ముందు రోడ్డు మోతకు అడ్డంగా, నీళ్లు జాలువారే పొడవాటి ఉక్కు గోడ కట్టారు. బాగుంది. అయితే మోత తగ్గించకుండా పైన నీటి చప్పుడు కప్పేయడమంటే, తల స్నానం ఎగ్గొట్టి సెంటు కొట్టుకున్నట్టే. ఆ విషయంలో వేల్స్ నయం, 2024లో గాలి నాణ్యతతో పాటు సౌండ్‌స్కేప్‌లనూ చట్టంలోకి ఎక్కించింది.

జపాన్ పర్యావరణ ఏజెన్సీ 1996లో దాచుకోదగ్గ నూరు సౌండ్‌స్కేప్‌లను ఎంపిక చేసింది. సప్పోరో గడియారం గంట, ఒఖోత్స్క్ తీరాన తేలే మంచు పలకల సవ్వడి అందులోవే.

మన జాబితా ఎవరు రాస్తారు? ఈసారి అమ్మకో అత్తయ్యకో ఫోన్ చేసినప్పుడు, వాళ్ల చిన్నప్పటి ఊళ్లో వినిపించి ఇప్పుడు వినిపించనిదేమిటో అడగండి. ఇంకా మిగిలున్నదేదైనా ఉంటే ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, ఊరి పేరు రాసి పెట్టండి. నాకూ ఒక ఉత్తరం ముక్క రాయండే!