పాత కంప్యూటర్‌లో మిర్రర్ హార్డ్ డిస్క్‌లు: ఉన్న డేటా పోకుండా సెటప్ చేయడం ఎలా?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను లేని రోజుల్లోనూ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కరెంటు ఉన్నట్టుండి పోయి రావడం మామూలే. హార్డ్ డిస్క్‌కి ఇది అస్సలు మంచిది కాదు. అందుకే ఫొటో స్టూడియో నడిపే మా బావ అడగ్గానే ఆయన సిస్టమ్‌లో మిర్రర్ పెడతానన్నాను. పెట్టాను కూడా. కానీ తొందరలో పాత డిస్క్‌నే టిక్ చేసేశాను, ఒక పెళ్లి ఫొటోలన్నీ పోయాయి! కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం. మీరు ఆ తప్పు చేయకుండా ఈ ఆర్టికల్.

మిర్రర్ అంటే?

ఒకే డేటాని రెండు డిస్క్‌ల మీద ఒకేసారి రాయడం. దీన్నే రెయిడ్ 1 అంటారు. రెండు 2 టీబీ డిస్క్‌లు పెట్టినా మీకు దొరికేది 2 టీబీయే. ఒకటి పోయినా రెండోదానితో పని ఆగదు.

కొనేముందు

కేబినెట్ తెరిచి ఖాళీ సాటా పోర్టులు, పవర్ కనెక్టర్లు ఉన్నాయో లేదో చూడండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 ఎస్ఎస్‌డీ పెడితే ఒక సాటా పోర్టు పనిచేయదు, మాన్యువల్ చూసుకోండి. ఎస్ఎంఆర్ కాకుండా సీఎంఆర్ డిస్క్‌లే తీసుకోండి. ఎస్ఎంఆర్ అయితే డిస్క్ మార్చినప్పుడు మళ్లీ కాపీ కావడానికి చాలా టైమ్ పడుతుంది.

నా సలహా: రెండు కొత్త డిస్క్‌లు కొనండి, పాతదాన్ని మిర్రర్‌లో కలపకండి. ఎందుకో కింద చెప్తాను.

సెటప్ (విండోస్ 10, 11)

1. ముందు పాత డిస్క్ డేటాని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో చూసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి.

2. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ పీకేయండి. నేను వదిలేసిన స్టెప్ ఇదే! కనెక్ట్ అయి లేని డిస్క్‌ని ఎవరూ పొరపాటున చెరపలేరు.

3. కొత్త డిస్క్‌ల సీరియల్ నంబర్ల చివరి నాలుగు అంకెలు ఫొటో తీసుకుని, డిస్క్‌ల మీద స్టిక్కర్ వేయండి. రేపు ఒకటి పోతే ఏది తీయాలో తెలుస్తుంది.

4. బయోస్‌లో ఏహెచ్‌సీఐని రెయిడ్‌గా మార్చకండి. విండోస్ బూట్ అవ్వకపోవచ్చు. మనకి ఆ అవసరమే లేదు.

5. కంట్రోల్ ప్యానెల్‌లో స్టోరేజ్ స్పేసెస్ తెరిచి కొత్త పూల్ క్రియేట్ చేయండి. ఎంచుకున్న డిస్క్‌ల మీద ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి టిక్ పెట్టేముందు మరోసారి చూడండి. తర్వాత టూ-వే మిర్రర్ ఎంచుకోండి. హోమ్ ఎడిషన్‌లోనూ ఇది పనిచేస్తుంది. విండోస్ ఉన్న సీ డ్రైవ్ మాత్రం ఎప్పటిలా విడిగానే ఉంటుంది.

6. ఎక్స్‌టర్నల్ నుంచి డేటాని కొత్త డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

టెస్ట్ చేయకపోతే మిర్రర్ లేనట్టే

కంప్యూటర్ పూర్తిగా ఆపి, ఒక కొత్త డిస్క్ కేబుల్ తీసి ఆన్ చేయండి. వార్నింగ్ వస్తుంది, కానీ ఫైళ్లు తెరుచుకోవాలి. కొత్తగా ఏమీ సేవ్ చేయకుండా మళ్లీ ఆపి, కేబుల్ పెట్టేయండి. స్టేటస్ ఓకే అయ్యేదాకా ఆగండి.

మిర్రర్ బ్యాకప్ కాదు

మీరు ఫైల్ డిలీట్ చేస్తే రెండు డిస్క్‌ల్లోనూ పోతుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. పిడుగు పడినా, ఇంట్లోకి నీళ్లొచ్చినా రెండూ కలిసే పోతాయి. పాత డిస్క్‌ని విడిగా ఉంచమన్నది అందుకే. నెలకోసారి కొత్త ఫైళ్లు అందులోకి కాపీ చేసి, వేరే ఇంట్లో పెట్టండి. బావ డిస్క్ ఇప్పుడు మా ఇంటి బీరువాలో ఉంది.

చివరిగా ఒక మాట: మంచి యూపీఎస్ లేకుండా మాత్రం మిర్రర్ పెట్టకండి. రాస్తుండగా కరెంటు పోతే దెబ్బ రెండింటికీ తగలొచ్చు.