శ్యమంతకోపాఖ్యానం: చదివింది అర్థం చేసుకోవడానికి ఒక పాఠం



ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలు గడగడా చదివేస్తారు. "ఇంతకీ ఏం జరిగింది?" అని అడిగితే మాత్రం కొందరు చివరి వాక్యాన్ని తిరిగి అప్పజెపుతారు. పైకి చదవడం వేరు, అర్థం పట్టుకోవడం వేరు. కథను ఎలా అల్లుతారో తెలిస్తే ఈ రెండోది సులువవుతుంది. చవితినాడు మనం చదువుకునే శ్యమంతకోపాఖ్యానాన్నే ఇందుకు పాఠంగా తీసుకుందాం.

ప్రతి కథకూ ఒక అస్థిపంజరం ఉంటుంది. 1979లో నాన్సీ స్టైన్, క్రిస్టీన్ గ్లెన్ అనే పరిశోధకులు దానిని భాగాలుగా విడదీసి చూపించారు. ముందు ఎవరు, ఎక్కడ అనే పరిచయం. తరువాత కథను కదిలించే సంఘటన, దానివల్ల పాత్రకు కలిగిన కోరిక, చేసిన ప్రయత్నం, ఫలితం, ఆ ఫలితానికి స్పందన.

మన కథలో చూడండి. సత్రాజిత్తు దగ్గర సూర్యుడిచ్చిన మణి ఉంది. శ్రీకృష్ణుడు అడిగితే ఇవ్వలేదు. తమ్ముడు ప్రసేనుడు ఆ మణిని ధరించి వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. నింద కృష్ణుని మీద పడింది. ఇక్కడి నుంచి కథ కదులుతుంది. నింద పోగొట్టుకోవాలన్నది కోరిక. అడవిలో వెతకడం, జాంబవంతునితో పోరాడటం ప్రయత్నం. మణి దొరకడం ఫలితం. సత్రాజిత్తు పశ్చాత్తాపపడి సత్యభామనిచ్చి పెళ్ళి చేయడం స్పందన.

రెండో మెళకువ, ఎవరికి ఏం తెలుసో గమనించడం. ప్రసేనుణ్ణి సింహం చంపిందని, సింహాన్ని చంపి జాంబవంతుడు మణిని తీసుకుపోయాడని కథ వినే మనకు ముందే తెలుసు. ద్వారకవాసులకు తెలిసినవి రెండే: కృష్ణుడు మణి అడిగాడు, ప్రసేనుడు తిరిగి రాలేదు. మధ్యనున్న ఖాళీని వారు ఊహతో నింపారు. కృష్ణుడు ఆ ఖాళీనే ఆధారాలతో నింపాడు. ప్రసేనుని శవం, అక్కడి నుంచి సింహం అడుగులు, ఆపైన ఎలుగుబంటి అడుగులు, చివరికి గుహ.

ఏ రచయితా అన్నీ విప్పి చెప్పడు. ఖాళీలను పాఠకుడే నింపుకోవాలి. 1932లో కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ప్రచురించిన ప్రయోగాలలో, అమెరికా ఆదివాసుల కథ చదివినవారు దానిని తిరిగి చెప్పేటప్పుడు తమకు అలవాటైన విషయాలతో మార్చేశారు. సీల్ జంతువుల వేట కాస్తా చేపలు పట్టడమైపోయింది!

వైద్యులుగా మాకిది రోజూ ఎదురయ్యేదే. "మాత్ర వేసుకున్నాను, తరువాత దద్దుర్లు వచ్చాయి" అని రోగి అంటే, మాత్ర వల్లేనని వెంటనే రాసేయం. ఎన్ని గంటలకు, ఇంకేం తిన్నారు, ఇదివరకు ఎప్పుడైనా వచ్చాయా అని అడుగుతాం. 'తరువాత' వేరు, 'వల్ల' వేరు.

ఇంట్లో ఇలా చేసి చూడండి:

1. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఏం వచ్చింది అని అడగండి.

2. కృష్ణుడు అడవికి బయలుదేరే చోట కథ ఆపండి. ఇప్పటికి మనకు ఏం తెలుసు, ఆయనకు ఏం తెలుసు అని అడగండి.

3. ఏ జవాబు చెప్పినా, "పుస్తకంలో ఎక్కడుందో చూపించు" అనండి.

4. అదే కథను సత్రాజిత్తు చెబుతున్నట్టుగా చెప్పించండి.

తెలుగు అంతగా రాని పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పినా ఫరవాలేదు. ఆ తరువాత ఇవే ప్రశ్నలతో స్కూలు పుస్తకంలోని కథ చదివించండి. తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మలు ఊళ్ళో ఉంటే ఫోనులో వారికి చెప్పించండి. తిరిగి చెప్పగలిగితే అర్థమైనట్టే.

కథ విని, నీలాపనిందలు రాకూడదని అక్షతలు తలపై వేసుకుంటాం. ఆధారం లేకుండా మరొకరిపై నింద వేయరాదని కూడా మన పిల్లలు ఈ కథ నుంచే నేర్చుకోగలరు. విఘ్నేశ్వరుడు వారికి మంచి బుద్ధిని, చదువును ప్రసాదించుగాక.

శుభం.