పిల్లల ఇంగ్లీషులో జారిపోయే చిన్న మాట

ముసునూరు వైపు మామిడి కోతలు జోరందుకునేసరికి బడికి సెలవులిస్తారు. పిల్లలు తోటల్లో పడితే ఇంగ్లీషు ఏమైపోతుందోనని పెద్దవాళ్లకు బెంగ. పదో తరగతి కాగానే చేర్చుకునే ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పక్కనే నూజివీడులో ఉంది. అక్కడ పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు కాబట్టి ఆ బెంగ సహజమే. కానీ ‘మాకే రాదు, మేమేం నేర్పుతాం’ అనకండి. పిల్లలు తడబడే ఒక ముఖ్యమైన చోట మీ తెలుగే అక్కరకొస్తుంది.

‘కాయలు ట్రేలో పెట్టావా?’ అని అడిగితే ‘పెట్టాను’ అంటాం. మనకు ఆ ఒక్క మాట చాలు. వేటిని, ఎక్కడ అన్నది విన్నవాళ్లకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘ఐ పుట్’ అని ఊరుకుంటే మాట సగంలో ఆగినట్టే. ‘ఐ పుట్ దెమ్ ఇన్ ద ట్రే’ అనాలి. ‘దెమ్’ వదిలేసే పిల్లవాడు మొద్దు కాదు. చక్కటి తెలుగులో ఆలోచిస్తున్నాడు, అంతే. అందుకని వాడు ‘పెట్టాను’ అన్నప్పుడు ‘వేటిని? ఎక్కడ?’ అని నెమ్మదిగా అడగండి. ‘వాటిని ట్రేలో పెట్టాను’ అంటాడు. ఇంగ్లీషు వాక్యానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి, వరస మార్చుకోవడమే మిగిలింది. ముందు ‘పెట్టాను’, తర్వాత ‘వాటిని’, ఆ తర్వాత ‘ట్రేలో’. మనం ట్రే వెనక చేర్చే ‘లో’ అక్కడ ట్రేకి ముందు వస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు అడిగితే చాలు, అంతకు మించితే పిల్లలు విసుక్కుంటారు.

ఇంకొకటి తోటలోనే చూపించవచ్చు. చిక్కంతో కోసిన కాయ వేరు, గాలికి రాలితే ఏరిన కాయ వేరు. రాలినదానికి దెబ్బ తగిలి ఉంటుంది కాబట్టి రెంటినీ ఒకే ట్రేలో కలపం. ఇంగ్లీషులో కోయడం ‘పిక్’, కింద పడినవాటిని ఏరడం ‘పిక్ అప్’. ‘పిక్ అప్ ద మ్యాంగోస్’ అన్నా, ‘పిక్ ద మ్యాంగోస్ అప్’ అన్నా ఒప్పే. కాయల పేరు తీసేసి ‘వాటిని’ అన్నామా, ఆ మాట నడుమనే రావాలి: ‘పిక్ దెమ్ అప్’. ‘పిక్ అప్ దెమ్’ అనరు. ఇంగ్లీషులో ఊనిక సాధారణంగా వాక్యం చివర పడుతుంది. ముందే తెలిసిన వస్తువును చెప్పే చిన్న మాటను అక్కడ నిలపడం ఇంగ్లీషువాళ్ల చెవికి నచ్చదు. ‘లుక్ ఎట్ దెమ్’లో మాత్రం ‘దెమ్’ చివరే ఉంటుంది. ఆ ‘ఎట్’ మన విభక్తిలా ‘దెమ్’ను అంటిపెట్టుకునే మాట. ‘అప్’ అలా కాదు, అది క్రియలో భాగం. ఈ తేడా సూత్రంగా బట్టీ పట్టించవద్దు. రాలిన కాయలు ఏరుతూ పదిసార్లు అనిపిస్తే నోటికే అలవాటవుతుంది.

మన ‘కు’తో మాత్రం కాస్త ఓపిక కావాలి. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు ఫోన్ చెయ్యి, నాకు వివరించు... మనకు అన్నిటికీ ఒకటే కట్టు. ఇంగ్లీషులో ‘గివ్ మీ’, ‘టెల్ మీ’, ‘కాల్ మీ’ అంటారు గానీ ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనరు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనాలి. ‘దాని గురించి చర్చించాం’ అనడానికి ‘డిస్కస్డ్ ఇట్’ చాలు, ‘అబౌట్’ అక్కర్లేదు. ఏ క్రియకు ఏది అతుకుతుందో క్రియతోపాటే నేర్చుకోవాలి. అందుకే మాటలకు విడివిడిగా అర్థాలు రాయించడం కంటే చిన్న చిన్న వాక్యాలు చదివించడం మేలని నా నమ్మకం.

ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ఇచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ మీరు చదవండి, అదే వాక్యాన్ని ఎదుటి పేజీలో బిడ్డను వెతకనివ్వండి. ‘వాటిని’ ఎక్కడుందో, ‘లో’ ఎక్కడికి వెళ్లిందో తనే వేలు పెట్టి చూపిస్తుంది.

తప్పు మాట్లాడినప్పుడు మధ్యలో ఆపకండి, చుట్టాల ముందు అసలే దిద్దకండి. సరైన వాక్యం మీకు తెలిస్తే జవాబులో మీరే అలా అనండి. తెలియకపోతే వదిలేయండి, రేపు మాస్టారిని అడగమనండి. ఇంగ్లీషు వస్తుందన్న ఆశతో ఇంట్లో తెలుగును మాత్రం సగం చేయకండి. ‘వాటిని’, ‘అతనికి’, ‘బుట్టలోంచి’ అని మీ నోట పూర్తిగా విన్న బిడ్డ బడిలో ఆ మాటలకు ఇంగ్లీషు తనే అడిగి తెలుసుకుంటుంది.