కోటకు కావలి - కావలికి పరీక్ష

కోటను కట్టుట యొక విద్య. కట్టిన కోటకు కన్నము ఎచ్చట పడగలదో శత్రువుకంటె ముందుగా కనుగొనుట మరియొక విద్య. మొదటిదానిని నేర్చినవారు పెక్కురు. రెండవదానిని నేర్చి, లోకమునకు నేర్పినవారు కొలదిమంది. అట్టివారిలో నొకరగు రోజర్ షెల్ అను సైనికాధికారి చరిత్రమును, ఆయన బోధించిన పాఠమును మా విద్యార్థులకు తెలుపగోరి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

షెల్ గారు అమెరికా వాయుసేనలో అధికారి. మసాచుసెట్సులోని సుప్రసిద్ధ సాంకేతిక విద్యాలయమున పరిశోధన సలిపి డాక్టరు పట్టము నందిరి. ఆ దినములలో కంప్యూటరు ఒక గదిని నిండించునంతటి యంత్రము. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి అప్పుడప్పుడే వ్యాపించుచుండెను. రహస్యములను చూడదగినవారును, చూడదగనివారును ఒకే యంత్రమును వాడునపుడు, ఒకరి పత్రములు మరియొకరి కంట బడకుండుట యెట్లు? ఇదియే వాయుసేనకు కలిగిన చిక్కుప్రశ్న.

దీనిని విచారించి, జేమ్స్ ఆండర్సన్ గారి పేర ప్రసిద్ధమైన నివేదిక 1972లో వెలువడెను. ఆ ప్రయత్నమునకు పూనుకొన్నవారిలో షెల్ గారు ముఖ్యులు. అందు చెప్పబడిన కావలి లక్షణములు మూడు. వానిని మన అడవి దారిలోని తనిఖీ నాకాతో పోల్చి తెలిసికొనవచ్చును. ప్రతి బండియు నాకా మీదుగానే పోవలెను, ప్రక్కదారి యుండరాదు. నాకా కఱ్ఱను దారిన పోవువాడు తొలగింపలేకుండవలెను. మూడవది, నాకా యేర్పాటు మొత్తము పరిశీలించి, సరిగానున్నదని నిర్ధారణ చేయగలిగినంత చిన్నదై యుండవలెను. ఈ మూటిలో నొకటి లోపించినను కావలి యున్నట్లు కనబడునే కాని, కాపుదల యుండదు.

1974లో మేజరు షెల్, లెఫ్టినెంటు పాల్ కార్గర్ అను ఇరువురును తమ సేనయే వాడదలచిన 'మల్టిక్స్' అను వ్యవస్థను పరీక్షించి, దానిలోనికి చొరబడవచ్చునని నిరూపించిరి. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయమును కూడ వారు వ్రాసిరి. మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరు అని పేరు. దొంగతలుపును ఆ కంపైలరునందే దాచినచో, వ్రాసిన ఆజ్ఞలను ఎన్నిమారులు చదివినను అది కనబడదు. 'ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు' అను మన సామెత యంత్రములకును వర్తించినది! కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞుడు 1984లో ఇదే విషయమును విశదీకరించి, తన కీ తలంపు వాయుసేనవారి పూర్వపు పత్రమునుండి లభించినదని కృతజ్ఞతతో పేర్కొనెను.

తమ కోటలోని లోపమును తామే బయటపెట్టుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వివేకము కాదు గదా! కన్నములను ఒక్కొక్కటిగా పూడ్చినంతమాత్రమున గోడ గట్టిదని చెప్పరాదనియు, పునాదినుండియే రక్షణను ఆలోచించి కట్టవలెననియు షెల్ గారి సిద్ధాంతము.

ఆయన మాంటరేలోని నావికాదళ ఉన్నత విద్యాలయమున ఆచార్యులై యువ అధికారులకు ఈ విద్యను బోధించిరి. 1981లో అమెరికా రక్షణశాఖ స్థాపించిన కంప్యూటరు భద్రతా కేంద్రమునకు ఉపసంచాలకులైరి. 1983లో ఆ కేంద్రము ప్రకటించిన ప్రమాణ గ్రంథమునకు, అట్ట రంగునుబట్టి, 'నారింజ పుస్తకము' అను పేరు వచ్చెను. పాఠశాలలో విద్యార్థులకువలె, కంప్యూటరు వ్యవస్థలకు అది శ్రేణులను నిర్ణయించినది. కొలువు విడిచిన తరువాతను ఆయన సంస్థలను స్థాపించి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బోధన సాగించిరి.

మన దేశమందును ఇట్టి దారి కలదు. సైన్యపు సిగ్నల్సు విభాగమున పనిచేసి, మహూలోని సైనిక టెలికమ్యూనికేషను కళాశాలకు అధిపతియైన లెఫ్టినెంటు జనరల్ రాజేశ్ పంత్ గారు 2019 మొదలు 2023 వరకు జాతీయ సైబరు భద్రతా సమన్వయాధికారిగా నుండిరి.

ఇంత దూరపు కథతో పెర్మిలి బాలునకేమి పని యని అడుగవచ్చును. పనియున్నది. నేడు పింఛనును, విద్యార్థివేతనమును బ్యాంకు ఖాతాలోనే పడుచున్నవి. వాని వార్త ఫోనులోనికి వచ్చుచున్నది. ఆ వార్త తరచుగా ఇంగ్లీషులోనో, హిందీలోనో, మరాఠీలోనో యుండును. ఇంట తెలుగు మాత్రమే తెలిసిన అవ్వకు దానిని చదివి చెప్పువాడు బడికి పోవు మనుమడే. అనగా ఆ యింటి కోటకు కావలివాడు అతడే! అతడు తొందరపడి రహస్య సంఖ్యను అపరిచితునకు చెప్పినచో, ఆ యింటి కూడబెట్టు నిమిషములో పోవును.

కావున విద్యార్థులారా, పైని చెప్పిన మూడు లక్షణములను జ్ఞప్తియందుంచుకొనుడు. ఏ సందేశమునైనను పరీక్షింపక విడువకుడు. బెదిరింపునకుగాని ఆశకుగాని లోబడి కావలిని సడలింపకుడు. నియమము చిన్నదిగా నుండనిండు: ఓటీపీని అడిగినవా డెవడైనను చెప్పరాదు. ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

తన కోటను తానే పరీక్షించుకొనుట అవమానము కాదు. అదియే కావలివాని మొదటి ధర్మము.