చిట్టా లేని ఆవర్జా

వర్తకుల ఇండ్లలో పెరిగినవారికి చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకముల భేదము చెప్పనక్కరలేదు. జరిగిన వ్యవహారమును జరిగిన క్రమమున, ఏనాటి కానాడు వ్రాయునది చిట్టా. ఆ పద్దులనే పేరు పేరున విడదీసి, ఏ ఖాతాలో ఎంత చేరినదో చూపునది ఆవర్జా. చిట్టా లేనిదే ఆవర్జా పుట్టదు. ఆవర్జాలోని మొత్తముపై సందేహము కలిగినప్పుడు గుమాస్తా వెనుదిరిగి వెదకునది చిట్టానే.

నేడు చేతిలోని సెల్‌ఫోను, దానిని వాడువాని కాలమునకు ఒక ఆవర్జాను తానే వ్రాసి పెట్టుచున్నది. 2018వ సంవత్సరమున గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోనులకు ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ అను విభాగమును, ఆపిల్ సంస్థ తన ఐఫోనులకు ‘స్క్రీన్ టైమ్’ అను విభాగమును చేర్చెను. ఫోనులోని సెట్టింగులు తెరచి చూచినచో, ఆ దినమున వాట్సాపునకు ఎంత, యూట్యూబునకు ఎంత కాలము వ్యయమైనదో గంటలతో నిమిషములతో కానవచ్చును. ఫోను ఎన్ని మారులు తెరువబడినది, ఎన్ని సూచనలు వచ్చినవి అనునదియు తెలియును. ఈ లెక్క తమ చేతిలోనే కలదని ఎరుగనివారు పెక్కురు. ఎరిగియు తెరువనివారును తక్కువ కారు.

తమ వాడుక తమకు తెలియదా యని కొందరు అడుగవచ్చును. తెలియదనియే చెప్పవలెను. 2015లో ఇంగ్లండునందలి పరిశోధకులు కొందరు 23 మంది యువతీయువకుల ఫోనులలో లెక్కించు సాధనమును అమర్చి చూచిరి. దినమునకు సుమారు 37 మారులు ఫోను చూచుచున్నామని ఆ యువకుల అంచనా. యంత్రము లెక్కించినది సుమారు 85 మారులు. సగమునకు మించిన వాడుకలు 30 సెకండ్ల లోపుననే ముగిసినవి. 23 మంది అనునది చిన్న సంఖ్యయే, అందరును పిన్న వయస్కులే. ఐనను దీనివలన గ్రహింపదగిన దొకటి కలదు. తీరికగా కూర్చుండి చూచినది జ్ఞాపకముండును గాని, చటుక్కున తీసి చటుక్కున పెట్టినది జ్ఞాపకమున నిలువదు. చిల్లర ఖర్చు కథయు ఇట్టిదే. పది రూపాయలకు పద్దు వ్రాయనివాడే నెలాఖరున సొమ్మేమైనదని వెదకుకొనుచుండును.

అట్లని ఫోను చూపు ఆవర్జాను ఉన్నదున్నట్లు నమ్మరాదు. ఇంటికంతకు ఒక్క ఫోనున్నచోట మనుమడు చూచిన బొమ్మల కథలు తాత ఖాతాలో పడును. పరదేశమున నున్న కుమార్తెతో ముఖాముఖి మాటాడిన గంటయు, ప్రయోజనము లేని వీడియోల వెంటబోయిన గంటయు ఆ లెక్కలో ఒక్కటే. కిరాణా దుకాణదారు యూపీఐ ద్వారా సొమ్ము చేరినదో లేదో చూచుటకు దినమునకు నూరు మారులు ఫోను తెరువవచ్చును. అది వృత్తి, వ్యసనము కాదు. (సొమ్ము చేరిన వెంటనే బిగ్గరగా పలుకు పెట్టె బల్లపై నుండగా కూడ ఫోను తీయుచున్నచో అది వేరు సంగతి.) కావున నాలుగు గంటలని చూచి ఒకరిని నిందించుటయు, రెండు గంటలని చూచి మరియొకరిని మెచ్చుటయు తొందరపాటు. ఎంతసేపో ఫోను చెప్పగలదు, ఎందులకో చెప్పలేదు.

ఆ ‘ఎందులకు’ అనుదానిని వ్రాయుటకే చిట్టా కావలెను. దానిని చేతితోనే వ్రాయవలెను. ఒక చిన్న నోటుపుస్తకమున నాలుగు గడులు గీసిన చాలును: ఫోను తీసిన వేళ, తీసిన కారణము, నిజముగా చేసిన పని, విడిచిన వేళ. దినమంతయు ఇట్లు వ్రాయబూనినవాడు రెండవనాడే పుస్తకము విడిచిపెట్టును. నిద్ర లేచినది మొదలు పనికి పోవువరకు ఒక భాగము, దీపము పెట్టినది మొదలు నిద్రించువరకు ఒక భాగము, ఈ రెంటికి మాత్రమే ఏడు దినములు వ్రాయవలెను. కారణమును ఫోను తీయకముందే వ్రాయుట ముఖ్యము. తీసిన పిమ్మట వ్రాసిన కారణములో కల్పన చేరును.

చిట్టాలో పద్దు ఇట్లుండవచ్చును: “ఉదయము 6-10. కారణము: వేళ చూచుటకు. చేసినది: శుభోదయ చిత్రములు, బంధువుల పెండ్లి వీడియో, బంగారము ధర. విడిచినది 6-35.” ఇట్టి పద్దు వ్రాసినవాడు రాత్రి పుస్తకము చదువుకొనునప్పుడు గాని గమనింపడు, వేళ ఎంతైనదో తాను చూడనే లేదని.

ఇది ఆ మనుష్యుని బలహీనత మాత్రమే యనుట న్యాయము కాదు. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు పావురములపై చేసిన ప్రయోగములను 1957లో గ్రంథరూపమున వెలువరించిరి. మీటను ఎన్ని మారులు పొడిచిన గింజ పడునో తెలియని పావురము విసుగక పొడుచుచునే యుండును. సందేశము వచ్చియుండవచ్చును, రాకపోవచ్చును. ఆ అనిశ్చయమే చేతిని ఫోనుకడకు లాగును. ఇక అంతు లేక క్రిందికి జారుచుండు పుటను 2006లో రూపొందించిన అజా రాస్కిన్ అను నిపుణుడు తదుపరి కాలమున దానికై బహిరంగముగనే చింతించెను. పుస్తకమునకు చివరి పుట కలదు, వార్తాపత్రికకును కలదు. చివరి పుట లేనిదానిని ముగించు భారము చదువువానిపై పడినది. కావున చిట్టాలో ‘విడిచిన వేళ’ అను గడి వ్రాయుట శ్రమ యనిపించును.

పై నాలుగు గడులకు ఐదవది యొకటి చేర్చవలెను. దానికి ‘ఎదుట ఎవరు’ అని పేరు పెట్టవచ్చును. వర్తకుని పుస్తకమున పేరులేని అప్పు ఉండదు. ఇచ్చినను పుచ్చుకొన్నను రెండవ వైపున ఒకరుందురు. ఫోనుకు పోయిన కాలమునకును పెక్కుమారులు అట్టి రెండవవారు ఉందురు. “రాత్రి 8-20. కారణము: ఏమియు లేదు. ఎదుట: అమ్మ.” ఈ పద్దును ఏ ఫోనును వ్రాయజాలదు.

మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పబోయిన తల్లి, కుమారుని చూపు అరచేతిలోనికి వాలుట చూచి, “సరేలే నాయనా, రేపు చెప్తాలే” అని లేచిపోవును. అక్కడ కోపము లేదు, మాట పట్టింపు లేదు. అందుచేతనే అది ఎవరికిని జ్ఞాపకముండదు. ఎక్కములలో సందేహమడిగిన పిల్లవానికి ‘ఊఁ’ అను జవాబు వచ్చును. ‘ఊఁ’ అనునది జవాబు కాదని పిల్లలు త్వరలోనే తెలిసికొందురు, పిదప అడుగుట మానుదురు. వారు అడుగుట మానినది ఏనాడో చెప్పుమనిన ఏ తండ్రియు చెప్పలేడు. ఏడు దినముల చిట్టాలో ఐదవ గడిని మాత్రము పైనుండి క్రిందికి చదివినచో, ఆ ఇంటిలో ఎవరికి ఎంత బాకీ పడినదో పేర్లతో తెలియును.

వ్రాయుచున్నామను ఎరుకవలననే వాడుక కొంత తగ్గుట సహజము. మొదటి వారమున గంటలు తగ్గినవని సంతోషింపక, చిట్టా మొదలిడుటకు ముందు దినముల లెక్కను ఫోనునుండి ఎత్తి వ్రాసి ఉంచుకొని, దానితో పోల్చుకొనవలెను. పిమ్మట ఒక్క మార్పు మాత్రమే చేయుట మేలు. వేళ చూచుటకై తీసిన పద్దులు ఎక్కువగా నున్నచో గోడ గడియారము, లేపుటకు ఒక అలారము గడియారము కొనవలెను. ‘కారణము లేదు’ అనునవి రాత్రివేళ ఎక్కువగా నున్నచో ఫోనుకు చార్జింగు పెట్టుచోటును మంచము ప్రక్కనుండి వసారాలోనికి మార్చవలెను. పూజవేళ ఫోనును దూరముగ నుంచు ఇండ్లు పెక్కు కలవు. ఆ ఇండ్లలోనే భోజనపు పీటల ప్రక్కన అది ఉండుచున్నది. అక్కడినుండి తొలగించుటకు కొత్త సాధన అక్కరలేదు.

నెల గడచిన పిదప, అవే వేళలకు మరల ఏడు దినములు వ్రాయవలెను. ఐదవ గడిలో అమ్మ పేరు మొదట ఏడు మారులుండి ఇప్పుడు నాలుగు మారులే యున్నచో, మిగిలిన మూడు సాయంకాలములలో ఆమె ఏమేమి చెప్పినదో అదే పుట వెనుక వ్రాసికొనవచ్చును. మోకాళ్ళ నొప్పి ఎన్నాళ్ళనుండి యున్నది, ఏ మందు పడలేదు అను వైద్యునికి కావలసిన వివరములు అందే దొరకవచ్చును.